ఆదెమ్మ అక్షరం

ఆదెమ్మ అక్షరాన్ని కింద నుంచి మొదలుపెడుతుంది. బడికెళ్ళి నేర్చుకున్నవాళ్ళెవరూ అలా రాయరు. వాళ్ళకి పంతులుగారు చెయ్యి పట్టుకుని దిద్దించి, ఎక్కడ మొదలెట్టాలో ఎక్కడ ఆపాలో చెబుతాడు. ఆదెమ్మ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఇద్దరు పిల్లల తల్లయ్యాక, గోడకి వేలాడుతున్న చర్చి క్యాలెండరు ముందు నిలబడి, చర్చిలో విని నోటికొచ్చిన బైబిలు వాక్యాన్ని క్యాలెండరు మీది వాక్యంతో సరిపెట్టుకుంటూ తనకి తానే నేర్చుకుంది. అక్షరం ఎటు నుంచి ఎటు తిరుగుతుందో క్యాలెండరు చెప్పదు. అది అప్పటికే పూర్తయిపోయి ఉంటుంది. అందుకని ఆవిడ తనకి తోచిన చోట మొదలెట్టింది. తోచిన చోటు ఎప్పుడూ కిందే.

"మొక్క కిందనించే గదా లేచేది. అక్షరం మాత్రం ఆకాశంలోంచి ఊడిపడుద్దా?" అంటుంది ఎవరైనా అడిగితే.

కంకిపాడు దగ్గర మాలపల్లెలో క్రిస్మస్ ముందు ఇళ్ళకి సున్నం వేస్తారు. సున్నం ఆరాక ఏ ఇంటివాళ్ళు ఆ ఏటికి ఎంచుకున్న వాక్యాన్ని ఆ ఇంటి గుమ్మం మీద రాయించుకుంటారు. ఒకప్పుడు దానికి బెజవాడ నుంచి బోర్డులు రాసే ఆర్టిస్టు వచ్చేవాడు. రాసేవాడు గానీ, ఎండలో నిచ్చెన మీద గంటల తరబడి నిలబడి కూడా పల్లెలో గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. ఒక ఏడాది ఆదెమ్మ చెంబు పట్టుకుని నిచ్చెన కింద నిలబడింది. అతను "వద్దులే" అన్నాడు. ఆవిడ ఆ నీళ్ళు తనే తాగేసి, "వచ్చే ఏడు నువ్వు రానక్కర్లేదులే నాయనా, మేం రాసుకుంటాం" అంది. అన్నాక రాయక తప్పలేదు.

ఈతపుల్ల కొస నమిలి, పీచు తేలాక దాన్ని ఏటవాలుగా కోసేది. అదే కుంచె. నీలిమందులో తుమ్మజిగురు కలిపేది. అదే రంగు. పుల్ల ముంచి కింద నుంచి మొదలెడితే రంగంతా అక్షరం అడుగునే దిగిపోయి, పైకెళ్ళేసరికి సన్నగా తీగలాగా మిగిలేది. అందుకే ఆ అక్షరానికి అడుగు బరువు, పైన నాజూకు. నీళ్ళబిందె నేల మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది. తలకట్టేమో గాలికి లేచిన పైటచెంగులాగా పక్కకి ఎగురుతుంది. ఇక వత్తు సంగతి చెప్పాలి. మిగతావాళ్ళ రాతలో వత్తు అక్షరం కింద అణిగిమణిగి ఉంటుంది. ఆదెమ్మ రాసిన వత్తు అలా ఉండదు. బారుగా తోక సాచి, పక్క అక్షరం కిందికి కూడా వెళ్ళి అక్కడో చుట్టు చుట్టుకుని గానీ ఆగదు.

ఆవిడ కూతురు మార్త. పటమటలో ఒక శుభలేఖల షాపులో కంప్యూటర్ ఆపరేటరు. కథంతా ఈ మార్త పట్టుదల గురించే.

చిన్నప్పుడు మార్తకి సెలవులొస్తే తల్లికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళడం పని. ఊడ్పుల రోజుల్లో ఒకనాడు గట్టు మీద కూర్చుని ఉంటే, ఆసామి కొడుకు, మార్త ఈడువాడే, ఆమె తరగతే, చేలోకి కేకేశాడు. "ఒసే ఆదీ, నీళ్ళు తే." మోకాలి లోతు బురదలోంచి ఆదెమ్మ నడుం ఎత్తి, "ఆఁ, తెస్తన్నా బాబూ" అంది. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆ చేల మీద అది రోజూ నడిచే మాట. కానీ మార్తకి ఆ పూట అన్నం దిగలేదు. తర్వాత గమనించింది. తల్లిని పూర్తిపేరుతో పిలిచేది పల్లెలో మనుషులూ చర్చిలో పాస్టరుగారూ మాత్రమే. పల్లె దాటి కాలవ వంతెన ఎక్కగానే ఆదెమ్మ ఆదీ అయిపోతుంది. వంతెన అవతల ఆవిడకి పేరులో సగమే దక్కింది.

మార్త ఇంటర్ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, దుర్గాప్రసాద్ గారి షాపులో చేరింది. ఆయన మంచివాడే. కేకలెయ్యడు, పండక్కి చీర పెడతాడు, "మార్త లేకపోతే బెజవాడలో సగం పెళ్ళిళ్ళు ఆగిపోతాయండీ" అని వచ్చినవాళ్ళ ముందు పొగుడుతాడు. ఏళ్ళ తరబడి మార్త శుభలేఖలు కూర్చింది. ఎవరి పేరు ఎవరి పేరు కన్నా పైనుండాలో, ఏ మేనమామ పేరు మర్చిపోతే ఎవరు అలుగుతారో అన్నీ తెలుసు. ఆ పనిలో రోజుకి వందసార్లు ఆమె కంప్యూటర్లో అక్షరాల పట్టీ, అంటే ఫాంట్ల జాబితా, తెరిచేది. తెలుగు అక్షరాలకి మనవాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. ఆ పట్టీలో రాజులున్నారు, కవులున్నారు, దేవుళ్ళూ దేవతలూ ఉన్నారు, నాయకులున్నారు. ఒక్క ఊడ్పుల కూలీ లేదు. ఉండదని ఎవరూ అనుకోను కూడా అనుకోలేదు. మార్త అనుకుంది. మా అమ్మ పేరు ఈ పట్టీలో ఉండాలి అనుకుంది. సగం కాదు, పూర్తిగా.

*

పల్లెలో ఇళ్ళు మారిపోతున్నాయి. సున్నపు గోడలు పోయి టైల్సు వస్తున్నాయి. గుమ్మం మీద వాక్యాలు కూడా షాపుల్లో రెడీమేడ్ టైల్సు మీద దొరుకుతున్నాయి, అన్నీ ఒకే అచ్చు. ఆదెమ్మ రాసిన గుమ్మాలు కొన్నే మిగిలాయి. మార్త ఆదివారం చర్చి అయ్యాక, వాటిని పడగొట్టేలోపు ఒక్కో గుమ్మం ముందు నిలబడి ఫోనులో ఫోటోలు తీసింది. ఇంటికి తెచ్చుకున్న పాత కంప్యూటర్లో ఆ ఫోటోల మీద గీతలు గీసి అక్షరాలు ఒక్కొక్కటీ ఎత్తింది. ఒక గుమ్మం నుంచి అ, ఇంకో గుమ్మం నుంచి క్ష, పాస్టరుగారింటి గోడ నుంచి ణ. అలా పల్లెంతా తిరిగినా కొన్ని దొరకలేదు. ఏ వాక్యంలోనూ రాని అక్షరాలు అవి. వాటికోసం తల్లి దగ్గరికే వచ్చింది.

"అమ్మా, ఝ రాసివ్వు."

"ఝ ఎందుకే? పల్లెలో ఎవరి పేర్లో ఉంది అది?"

"ఝాన్సీ ఉంది గదా, ఆమోసు గారి కోడలు."

"అది జాన్సే. వాళ్ళత్త జానూ అని పిలుస్తది. నువ్వెప్పుడు చదివొచ్చావో అప్పుడే అది ఝ అయింది."

"నువ్వు రాయవే ముందు."

ఆదెమ్మ గునుస్తూనే ఈతపుల్ల నమిలి, నీళ్ళలో ముంచి, అరుగు మీద కింద నుంచి మొదలెట్టి ఝ రాసింది. తడి ఆరేలోపు మార్త ఫోటో తీసుకుంది. ఆదెమ్మ తను రాసినదాన్ని తల వంచి చూసుకుని, "వడ్లబస్తా మోస్తన్నట్టుంది గదే" అని నవ్వింది.

"అమ్మా, దీనికి నీ పేరు పెడతన్నాను."

"దేనికి?"

"ఈ అక్షరాలన్నిటికీ కలిపి. ఆదెమ్మ అని."

"నా పేరెందుకే, నేనేమన్నా మంత్రినా? ఏదన్నా పువ్వు పేరెట్టు, నలుగురూ వాడుకుంటారు."

"నలుగురూ నీ పేరు పెట్టి అడగాలనే."

ఆదెమ్మ అరుగు మీది నీటి మరకని చీరచెంగుతో తుడవబోయి, తుడవకుండా వదిలేసింది.

*

అక్షరం ఏమిటో, అది ఎందుకు పనికొస్తుందో మార్తకి దాంతో షాపులో శుభలేఖలు కూర్చాకే తెలిసొచ్చింది. అది కబుర్లు చెప్పే అక్షరం కాదు, ప్రకటించే అక్షరం. రెండు పేర్లు రాయండి, ఒక ఊరి పేరు రాయండి, పుస్తకం అట్ట మీద ఒక్క మాట రాయండి, వెలిగిపోతుంది. చిన్నసైజులో పేరా మొత్తం రాస్తే మాత్రం ముళ్ళకంపలాగా చిక్కుపడిపోతుంది. బస్సు బోర్డుకి పనికిరాదు, మందుసీసాకి పనికిరాదు, శుభలేఖ అడుగున విందు వేళలకి పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, దానికి చోటు కావాలి. పక్కన, కింద, అన్నివైపులా ఖాళీ ఉంచాలి. ఇరుకులో పెడితే పక్కవాడి మీద కాలు వేస్తుంది. తరతరాలుగా ఇరుకులో ఒదిగి బతికిన మనిషి చేతిలోంచి, ఒదగనని మొండికేసే అక్షరం వచ్చిందేమిటా అని మార్త ఎన్నోసార్లు అనుకుంది. తర్వాత ఆమెకే తోచింది, ఇంకెవరి చేతిలోంచి వస్తుంది?

దుర్గాప్రసాద్ మొదటిరోజే ముచ్చటపడ్డాడు. "ఏం కూర్చావమ్మా! ఎక్కడ దొరికింది ఈ ఫాంటు?"

"నేనే గీశానండీ. ఇంట్లో. మా అమ్మ రాతండి."

"చెప్పవేం మరి! ఇది మన షాపు స్పెషలు చేసేద్దాం."

మూడోరోజుకల్లా ఆయన నమూనాల ఆల్బమ్‌లో కొత్త పేజీ పెట్టించాడు. పైన పేరు మాత్రం తనే చెప్పాడు. రాజహంస. మార్త "ఆదెమ్మ అండి దాని పేరు" అంది. "పేరు తర్వాత చూద్దాంలే, ముందు పేజీ పెట్టు" అన్నాడు ఆయన. ఆ "తర్వాత" ఎన్నాళ్ళైనా రాలేదు. ఆల్బమ్‌లో రాజహంస. మార్త కంప్యూటరు పట్టీలో ఆదెమ్మ. ఒకే అక్షరం రెండు పేర్లతో ఒకే గదిలో బతుకుతోంది.

ఇలా ఉండగా కానూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. బట్టల వ్యాపారం, చేనేత చీరల హోల్‌సేలు. ధనుంజయ్ గారు, ఆయన తల్లి బాలత్రిపురసుందరి గారు. పెళ్ళి ధనుంజయ్ కూతురు రాజ్యశ్రీది. ఆల్బమంతా తిప్పి పెద్దావిడే ఆ అక్షరం మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇది బావుంది. నిండుగా ఉంది. మిగతావన్నీ డైటింగ్ చేస్తున్నట్టున్నాయి."

ప్రూఫ్ చూడ్డానికి మళ్ళీ వచ్చిన రోజు షాపంతా నవ్వులే. ఆశీర్వదించే పెద్దల పేర్ల దగ్గర మార్త వరసల మధ్య చోటు తక్కువ వదిలింది. బాలత్రిపురసుందరిలో త్రి కింది వత్తు తోక సాచి, కింది వరసలో ఉన్న వియ్యపురాలి పేరు తలకట్టుని చుట్టేసుకుంది.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "అమ్మాయ్, ఇదేంటి? నా పేరు మా వియ్యపురాలి కొప్పు పట్టుకు లాగుతోంది!"

"అయ్యో, సారీ అండీ, మార్చేస్తాను" అంది మార్త గాభరాగా.

"మార్చద్దు, మార్చద్దు. ఉన్నమాటేగా. పెళ్ళయ్యాక ఎలాగూ లాగాల్సిందే" అని ఆవిడ పగలబడి నవ్వింది. ధనుంజయ్ "అమ్మా, వాళ్ళు చూస్తే బావోదు" అంటూనే తనూ నవ్వాడు. దుర్గాప్రసాద్ టీ తెప్పించాడు. మార్త తోక సవరించి చూపించింది. అన్నీ కుదిరాయి. ఆర్డరు రాయబోతుండగా పెద్దావిడ ఆ కార్డు ఎత్తి పట్టుకుని మురిపెంగా అడిగింది.

"ఇంతకీ ఈ అక్షరానికి పేరేంటమ్మాయ్?"

"రాజహంస అండీ" అన్నాడు దుర్గాప్రసాద్.

"ఆదెమ్మ అండీ" అంది మార్త.

రెండూ ఒకేసారి వచ్చాయి. ధనుంజయ్ ఇద్దరి వంకా చూశాడు. దుర్గాప్రసాద్ నవ్వేసి సర్దబోయాడు గానీ పెద్దావిడ మార్త వైపే తిరిగింది.

"ఆదెమ్మా? ఎవరావిడ?"

"మా అమ్మండీ. ఆవిడ చేతిరాత ఇది."

"ఓహో. టీచరా?"

ఇక్కడ మార్త ఏదో ఒకటి అనేసి బయటపడొచ్చు. దుర్గాప్రసాద్ కళ్ళతో అదే బతిమాలుతున్నాడు. మార్త కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కాదండీ. ఊడ్పులు ఊడ్చేది, కోతలు కోసేది. కంకిపాడు అవతల మాలపల్లె మాది. మా పల్లెలో ఇళ్ళ గుమ్మాల మీద అమ్మే రాసేదండీ."

ధనుంజయ్ కార్డుని తల్లి చేతిలోంచి మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టాడు. జాగ్రత్తగానే పెట్టాడు. "ప్రసాద్ గారూ, శుభకార్యం కదండీ. కాస్త సాంప్రదాయంగా ఉండేది ఏదన్నా చూపించండి."

"అక్షరం బానే ఉందిరా" అంది పెద్దావిడ.

"బానే ఉందమ్మా. ఇంకోటి చూద్దాం."

ఆవిడ కిటికీలోంచి రోడ్డు వంక చూస్తూ కూర్చుంది.

అతను కులం మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. ఈ దేశంలో ఆ మాట ఎత్తకుండానే ఎన్ని పనులు జరిగిపోతాయో మనందరికీ తెలుసు. ఐదు నిమిషాల క్రితం నిండుగా ఉన్న అక్షరం, ఒక్క గీత కూడా మారకుండానే, అశుభం అయిపోయింది. మార్త వాళ్ళకి వేరే అక్షరం చూపించింది. అది ఒక రాజుగారి పేరు మీద ఉన్నది. వాళ్ళు దాన్ని ఖాయం చేసుకుని వెళ్ళిపోయారు.

*

దుర్గాప్రసాద్ తలుపు మూసి కూర్చున్నాడు. ఆయనకి కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

"చూశావా మార్తా? రాజహంస అంటే అయిపోయేదిగా? నాకు నీ కులం పట్టింపు లేదు, నీకు తెలుసు. నీ చేతి కాఫీ తాగుతాను నేను. కానీ జనం ఉన్నారే, జనం."

"జనం సంగతి సరేనండీ. మీరేమంటారు?"

"నేననేది విను. వచ్చేనెల అచ్చుపనివాళ్ళ ప్రదర్శన ఉంది ఊళ్ళో. ఈ అక్షరాన్ని అక్కడ పెద్ద పోస్టరు వేసి రిలీజ్ చేద్దాం. రాష్ట్రమంతా వెళుతుంది. రాజహంస అని పెడదాం, కింద చిన్నగా, డిజైన్ మార్త అని వేయిస్తాను. ఏ ఓనరు వేయిస్తాడు చెప్పు?"

"నా పేరు గాదండీ నేనడిగేది."

"ఆదెమ్మ అని పెడితే, ఎవరా ఆదెమ్మ అని ప్రతివాడూ అడుగుతాడు."

"అడగనీయండి. అడగాలనేగా."

ఆయన తల పట్టుకున్నాడు. "సరే, ముందు పోస్టరు చేసి చూపించు. రెండూ చెయ్యి. కళ్ళతో చూసి చెబుదాం."

మార్త రెండూ చేసింది. ఆమె దొంగాట ఏమీ ఆడలేదు. రాజహంస అని ఎంత అందంగా కూర్చొచ్చో అంత అందంగానూ కూర్చింది. కానీ ఆ అక్షరం అందమంతా వత్తులో ఉంది, రాజహంసలో ఒక్క వత్తు లేదు. నాలుగు బిందెలు వరసగా పెట్టినట్టు కూర్చుంది. పక్క పోస్టరులో ఆదెమ్మ. మొదటి 'ఆ' నేల మీద గట్టిగా కూర్చుంటే, 'దె' ఎత్వాన్ని పైకి చాచింది, చివర మ కింద మరో మ వచ్చి తోకని ఎడమకి సాచి పేరు మొత్తం కింద ఒక గీత గీసి, మొదటి అక్షరం దాకా వెళ్ళి, అక్కడ చుట్టు చుట్టుకుని ఆగింది. ఎవరో తమ పేరు కింద తామే గీత గీసుకున్నట్టు.

దుర్గాప్రసాద్ రెండిటి ముందూ చాలాసేపు నిలబడ్డాడు. ఏది బావుందో ఆయనకి తెలిసింది. ముప్పయ్యేళ్ళు అచ్చులో ఉన్నవాడు. తెలిసే, "రాజహంసే వేద్దాంలే" అన్నాడు.

మార్త కుర్చీలో కూర్చుని, ఆ షాపు కంప్యూటర్లోంచి తన అక్షరాన్ని తీసేసింది.

"ఏంటది? నా కంప్యూటర్లో..."

"కంప్యూటర్ మీదేనండీ. దాన్ని నేను పట్టుకెళ్ళట్లేదు. ఈ అక్షరం మా ఇంట్లో, నా ఆదివారాల్లో, మా అమ్మ చేత్తో పుట్టింది. మా అమ్మ పేరు పలకడానికి ఇబ్బందైన చోట దానికేం పని?"

"తొందరపడుతున్నావు. ఇన్నేళ్ళ బట్టీ ఉన్నావు. నిన్ను ఒక్క మాట అన్నానా?"

"అన్లేదండీ. మీరు చాలా మర్యాదగా ఉన్నారు. మర్యాదగానే మా అమ్మని గుమ్మం బయట నిలబెట్టారు."

ఆల్బమ్‌లోంచి ఆ పేజీ కూడా ఊడదీసుకుని, బ్యాగు తగిలించుకుని, బందరు రోడ్డు మీద బస్సెక్కింది. బస్సులో ఆ పేజీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెనమలూరు దాటాక గానీ దాన్ని బ్యాగులో పెట్టలేదు. ఇంటికొచ్చి చెబితే భర్త స్టీఫెన్, ఆటోనగర్లో లారీ మెకానిక్కు, చేతులకి గ్రీజు కడుక్కుంటూ విన్నాడు. "మానేశావా? మంచిపని చేశావు. ఆ ఏసీలో కూర్చుని మోకాళ్ళు పట్టేశాయని రోజూ నా ప్రాణం తీస్తన్నావు."

ఆదెమ్మ మాత్రం తిట్టింది. "నా పేరు కోసం పని పోగొట్టుకుంటావటే? డెబ్బయ్యేళ్ళు ఆదీ అంటే పలికాను. పోయేరోజుల్లో నాకిదంతా ఎందుకు?"

"నీకు గాదమ్మా. నాకు" అంది మార్త. "ఆ రోజు గట్టు మీద నేను కూడా ఉన్నాను."

ఏ రోజని ఆదెమ్మ అడగలేదు. అలాంటి రోజులు ఆవిడకి ఒకటా రెండా. "ఝ సరిగ్గా రాలేదు, ఇంకోటి రాసిస్తాను" అంది.

*

కంకిపాడు సెంటర్లో చిన్న గది తీసుకుని మార్త సొంత కంప్యూటరు పెట్టింది. అక్షరాన్ని దాచుకోలేదు, అమ్ముకోనూ లేదు. కొండపల్లి నుంచి బందరు దాకా అచ్చుపనివాళ్ళూ ఫ్లెక్సీలవాళ్ళూ ఉండే వాట్సాప్ గ్రూపులన్నిటిలోకీ వదిలేసింది. కింద నాలుగు ముక్కలు రాసింది. "ఈ అక్షరం పేరు ఆదెమ్మ. పెళ్ళికి వాడుకోండి, చావుకి వాడుకోండి, ధర్నాకి వాడుకోండి. ఎవరినీ అడగక్కర్లేదు. పేరు మాత్రం మార్చకండి. ఇరుకులో పెట్టకండి."

మొదట ఎగతాళే వచ్చింది. "పక్కన పుల్లమ్మ ఫాంటు కూడా ఉందా అక్కా?" అని ఒకడు రాశాడు. "నువ్వు మీ అమ్మ పేరు పంపు, గీసిస్తాను" అని మార్త జవాబిచ్చింది.

తర్వాత మెల్లగా పాకింది. కొండపల్లిలో బొమ్మల పెట్టెల మీదికి ఎక్కింది. ఒక కాలేజీ పిల్లల పత్రిక అట్ట మీదికి ఎక్కింది. పల్లెల్లో పెళ్ళి ఫ్లెక్సీల మీద పెళ్ళికూతుళ్ళ పేర్ల కింద తోకలు సాచుకుని నిలబడింది. ఊరేదైనా, కంప్యూటరు తెరిచి పట్టీ కిందికి లాగితే రాజులకన్నా, కవులకన్నా ముందు, అన్నిటికన్నా పైన ఆ పేరే కనబడుతుంది. అక్షరక్రమం మనిషి పుట్టుక అడగదు.

దాని అసలు పని బెజవాడలో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెప్పుడు బయటపడింది. వాళ్ళ నాయకురాలు అమలమ్మ, మార్తకి పిన్ని వరస, బ్యానరు కోసం వచ్చింది.

"ఎర్రగా లావుగా రాయవే, ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే రాస్తే ఎప్పట్లాగే ఎవరూ చదవరు పిన్నీ" అని మార్త దాన్ని శుభలేఖలాగా కూర్చింది. పసుపు నేల మీద మెరూన్ రంగులో, చుట్టూ బోలెడంత ఖాళీ వదిలి, మధ్యలో ఒక్క మాట. 'పర్మినెంటు చెయ్యండి.' దారిన పోయేవాళ్ళు ఎవరి పెళ్ళో అనుకుని బళ్ళు ఆపి మరీ చదివారు. చదివాక తల తిప్పుకోవడం కష్టమైంది.

బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు ఒకడు నవ్వాడు. "ఏంటమ్మా, ధర్నాకొచ్చారా పెళ్ళికొచ్చారా?"

"పెళ్ళికే నాయనా" అంది అమలమ్మ. "తాంబూలం పుచ్చుకోకుండా కదలం."

ఆ ఫోటో పేపర్లలో పడింది. సమ్మె సంగతి ఇంకా తేలలేదు, చర్చలు నడుస్తూనే ఉన్నాయి. కానీ ఆ అక్షరం గురించి మాత్రం అందరికీ తెలిసిపోయింది.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆదెమ్మ కూతురి గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉంది. ఫోను మోగింది. మార్త చేతులు ఖాళీగా లేక స్పీకరు నొక్కింది.

"మార్తా, నేనమ్మా, దుర్గాప్రసాద్‌ని."

"చెప్పండి సార్. బావున్నారా?"

"ఆఁ, బానే ఉన్నాం. ఒక సాయం కావాలి. పటమటలో కొత్తగా కల్యాణమండపం కడుతున్నారు. ముఖద్వారం మీద పేరు ఆ అక్షరంలోనే కావాలని పట్టుబట్టారు. మావాడు కూర్చితే తోకలన్నీ కొట్టుకుంటున్నాయి. నువ్వైతేనే కుదురుతుంది."

"ఏ అక్షరమండీ?"

"అదేనమ్మా. మన రాజహంస."

"ఆ పేరుతో మా దగ్గర ఏ అక్షరమూ లేదండీ."

ఫోనులో పటమట రోడ్డు మీది హారన్లు వినిపించాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. మార్త సాయం చెయ్యలేదు. తెర మీద పని ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వాళ్ళు కూడా ఆ పేరుతోనే అడిగార్లే" అన్నాడు చివరికి. "ఆదెమ్మ. ఆదెమ్మగారి అక్షరం."

"అలా చెప్పండి. కొలతలు పంపండి, చుట్టూ చోటు ఎంతుందో చూసి చెబుతాను."

ఫ్యాను కింద ఆదెమ్మ తల ఎత్తింది. "ఎవరే అది? నా పేరు చెబుతున్నాడు?"

"మా పాత ఓనరమ్మా. పటమట నుంచి."

"ఆయనా?" ఆదెమ్మ జారిన పైట భుజం మీదికి లాక్కుని, కుర్చీని ఫోను దగ్గరికి జరుపుకుంది. "సరిగ్గా వినబడలా. ఇంకోసారి అనమను."